క్రెడిట్ కార్డుపై తీసిన నగదునకు వెల యెంత?

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వీధి దీపములు, మంచినీటి కుళాయిలు, మురుగు కాలువలు, ఇంటి పన్నులు మొదలగు విషయములను గూర్చి మీతో ముచ్చటించుటకు ఈ తరగతులకు పలువురు వచ్చుచుందురు. ఈ దినమున మేము ప్రస్తావింపదలచినది పంచాయతీ పద్దులలో ఎక్కడను కనిపించని సంగతి. అయినను, తగవు ముదిరినప్పుడు మొట్టమొదట మీ గడప తొక్కు సంగతియు అదియే. అది అప్పు, అందులోను క్రొత్త రకపు అప్పు. క్రెడిట్ కార్డును ఏ.టి.ఎం. యంత్రములో పెట్టి నగదు తీసికొనుటను గూర్చి మేము మాటలాడదలచినాము.

ఇది పట్టణవాసుల బాధ గదా, మా ఊరికేమి పని యని కొందరు తలంపవచ్చును. ఊరిలోని ఉపాధ్యాయుని జేబులో ఈ కార్డు ఉన్నది. ఎరువుల దుకాణదారుని వద్ద ఉన్నది. హైదరాబాదులోనో విశాఖపట్నములోనో ఉద్యోగము చేయు కుమారుని వద్ద తప్పక ఉన్నది. నాట్ల వేళ తండ్రి ఫోను చేసి, "కూలీలకు ఇయ్యవలెనురా, ఇరువదివేలు సర్దుము" అని అడిగినప్పుడు, ఖాతాలో సొమ్ము లేకున్నను ఆ కుమారుడు యంత్రము నుండి నోట్లు తీసి పంపగలుగుచున్నాడు. తండ్రికి అందిన నోట్లు ఎప్పటి నోట్లే. వాటి వెల మాత్రము ఎప్పటి వెల కాదు. యంత్రము ఇచ్చు చీటీలో ఇరువదివేలు అని మాత్రమే యుండును. తక్కినదంతయు నెల తిరిగి బిల్లు వచ్చిన తరువాత బయటపడును.

వడ్డీని లెక్కించుటలో మన పల్లెలకు ఒక చక్కని అలవాటు కలదు. నూరు రూపాయలకు నెలకు ఎన్ని రూపాయలు అన్నదే మన కొలత. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అన్నచో చదువురాని వానికిని బోధపడును. 1951-52లో రిజర్వు బ్యాంకు జరిపించిన అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలనలో, రైతుల అప్పులలో సహకార సంఘముల వంతు నూటికి మూడు మాత్రమేననియు, వడ్డీ వ్యాపారుల వంతు డెబ్బదికి దగ్గరగా ఉన్నదనియు తేలినది. ఆ వ్యాపారులు చేసిన కీడు కొండంత. అయినను వారి వడ్డీ ఒక్క మాటలో చెప్పబడెడిది. తీసికొనువాడు ఒప్పుకొనియో, ఏడ్చియో, తెలిసియే తీసికొనెడివాడు. కార్డు వడ్డీ అట్టిది కాదు. అది శాతములలోను, రుసుములలోను, పన్నులలోను విడివిడిగా దాగియుండును. కనుక దానిని మన కొలతలోనికి దించి చూచుట మన మొదటి పని.

కార్డుపై నగదు తీసినచో మూడు విధములుగా ఖర్చు పడును. మొదటిది రుసుము. ఎక్కువ బ్యాంకులు తీసిన మొత్తముపై నూటికి రెండున్నర రూపాయలు వసూలు చేయుచున్నవి. కొన్ని మూడు తీసికొనును. ఇంత కంటె తక్కువ కాకూడదను కనీస రుసుము కూడ నుండును. అది సాధారణముగా మూడు వందల నుండి అయిదు వందల రూపాయల వరకు ఉన్నది. రెండవది వడ్డీ. దీని విషయములో ఒక భేదమును మీరు గట్టిగా పట్టుకొనవలెను. కార్డుతో దుకాణములో సరకు కొన్నచో, పాత బాకీ లేకుండ బిల్లు మొత్తమును గడువులోగా చెల్లించువానికి వడ్డీ లేదు. కొన్న దినమును బట్టి ఇరువది మొదలు ఏబది దినముల వరకు ఉచితముగా వాడుకొనవచ్చును. నగదునకు ఈ సౌకర్యము ఒక్క దినము కూడ లేదు. నోట్లు చేతిలో పడిన దినముననే వడ్డీ మొదలగును. తిరిగి కట్టిన దినము వరకు సాగును. దాని రేటు అనేక బ్యాంకులలో నెలకు మూడున్నర, మూడుముప్పాతిక శాతముగా ఉన్నది. మూడవది పన్ను. రుసుముపైనను వడ్డీపైనను నూటికి పదునెనిమిది చొప్పున జి.ఎస్.టి. పడును. పంట అప్పు, ఇంటి అప్పు మొదలగు సాధారణ బ్యాంకు అప్పుల వడ్డీకి ఈ పన్ను లేదు. క్రెడిట్ కార్డు వడ్డీకి మాత్రము కలదు.

ఇక లెక్క వేయుదము. తక్కువ లెక్కయే వేయుదము. ఒక రైతు కుమారుడు జూలై 10వ తేదీన ఇరువదివేల రూపాయలు తీసి, ఆగస్టు 24వ తేదీన పూర్తిగా తిరిగి కట్టినాడనుకొందము. నలుబదియైదు దినములు, అనగా నెలన్నర. రుసుము నూటికి రెండున్నర చొప్పున 500 రూపాయలు. దానిపై పన్ను 90. వడ్డీ నెలకు మూడున్నర, అనగా సంవత్సరమునకు నలుబదిరెండు శాతము చొప్పున దినమునకు 23 రూపాయలు. నలుబదియైదు దినములకు సుమారు 1,036. దానిపై పన్ను సుమారు 186. అన్నియు కలిపి 1,812 రూపాయలు.

ఇరువదివేలకు నెలన్నరకు 1,812 రూపాయలన్నచో మన కొలతలో ఎంత? ఆరు రూపాయల వడ్డీ. అదే సొమ్మును ఊరిలో రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో అయ్యెడిది 600. మూడు రూపాయల వడ్డీకి తెచ్చినచో 900. ఊరి వడ్డీ వ్యాపారిని మేము పొగడుటలేదు. ప్రామిసరీ నోటుపై వేలిముద్ర వేసి పొలము పోగొట్టుకొన్నవారి కథలు మీకు మాకంటె బాగుగా తెలియును. కాని ఎవనిని చూచి మనము రక్తము పీల్చువాడని అందుమో, వాని రేటునకు రెట్టింపును మెరయు కార్డు మౌనముగా తీసికొనుచున్నదని తెలిసికొనుట అవసరము.

త్వరగా కట్టినచో భారము తగ్గదా యని మీరు అడుగవచ్చును. వడ్డీ తగ్గును, రుసుము తగ్గదు. అదే ఇరువదివేలు పది దినములకే తిరిగి కట్టినను, రుసుము పన్నుతో 590, వడ్డీ పన్నుతో సుమారు 272, వెరసి 862 రూపాయలు. పది దినములకు ఇంత! ఇక చిన్న మొత్తముల సంగతి మరియు విడ్డూరము. రెండువేల రూపాయలు తీసినవానికి కనీస రుసుము అయిదు వందలున్న బ్యాంకులో పన్నుతో 590 రూపాయలు నెత్తిన పడును. చేతికి రెండువేలు వచ్చునప్పటికే ఆరు వందలకు పది తక్కువ బాకీ యైనట్లు! అవసరమునకు కొంచెము కొంచెముగా తీసికొందమను పొదుపు బుద్ధి ఇక్కడ ఎదురు తిరుగును. అయిదు సారులు రెండేసి వేలు తీసినచో రుసుమే పన్నుతో 2,950. అదే పదివేలు ఒక్క సారి తీసినచో 590.

బ్యాంకు ఇంత ఏల వసూలు చేయవలెనన్న ప్రశ్న న్యాయమైనదే. మనము దుకాణములో కార్డు గీకినప్పుడు ఆ దుకాణదారుడు తన అమ్మకములో కొంత భాగమును బ్యాంకులకు ఇచ్చుకొనును. మనకు ఉచితముగా కనిపించు ఆ ఏబది దినముల ఖరీదులో కొంత ఆ విధముగా అతడు భరించుచున్నాడు. నగదు తీసినప్పుడు మధ్య దుకాణదారుడు లేడు. పైగా ఆ యంత్రము వేరొక బ్యాంకుదైనచో, దానికి కార్డు ఇచ్చిన బ్యాంకు కొంత చెల్లించుకొనవలెను. ఇంకొక కారణమును బ్యాంకులవారు బహిరంగముగా చెప్పరు. జామీను లేని అప్పుపై నగదు కొఱకు వచ్చువాడు సాధారణముగా చిక్కులలో ఉన్నవాడే. అట్టివాడు ఎగవేయవచ్చునన్న భయమును కూడ రేటులో కలుపుదురు. ఇందులో మా అభిప్రాయమేమనగా, కారణములు ఉన్నమాట నిజమే గాని ఆరు రూపాయల వడ్డీకి అవి చాలవు.

ఇప్పుడు పల్లెలకు ముఖ్యమైన ఒక పొరపాటును గూర్చి చెప్పవలసియున్నది. మన రైతులకు క్రెడిట్ కార్డు అన్న మాట క్రొత్తది కాదు. కిసాన్ క్రెడిట్ కార్డు 1998లోనే వచ్చినది. పంట అప్పును పరిమితిగా నిర్ణయించి, ఆ పరిమితికి లోబడి రైతు తనకు కావలసినప్పుడు కావలసినంత తీసికొనుటకు ఏర్పడిన పద్ధతి అది. దానితో ఏ.టి.ఎం. నుండి నగదు తీసికొనుట తప్పు కాదు; కార్డు ఇచ్చినదే అందులకు. మూడు లక్షల వరకు పంట అప్పుపై వడ్డీ సంవత్సరమునకు ఏడు శాతము. గడువులోగా చెల్లించిన రైతుకు మూడు శాతము రాయితీ లభించి నాలుగు శాతమే పడును. 2025-26 సంవత్సరమునకును కేంద్ర ప్రభుత్వము ఈ రాయితీని కొనసాగించినది. ఆ కార్డుపై అదే ఇరువదివేలు నలుబదియైదు దినములు వాడుకొన్నచో ఏడు శాతము చొప్పున అయ్యెడిది 173 రూపాయలు. రాయితీ దక్కినచో 99 రూపాయలు.

99 ఒక వైపు, 1,812 ఒక వైపు. రెండింటి పేరును క్రెడిట్ కార్డే! రెండును ఒకే పరిమాణములో నుండును, ఒకే యంత్రములో దూరును, నాలుగంకెల రహస్య సంఖ్యనే అడుగును. తన పేరున పంట కార్డు ఉన్న రైతు దానికి అలవాటుపడి, పట్టణములో ఏజెంటు అంటగట్టిన రెండవ కార్డును కూడ అట్టిదేయని భావించి నగదు తీసికొనుట వింత కాదు. ఖాతాలోని మన సొమ్మును ఇచ్చు డెబిట్ కార్డు కూడ చూచుటకు ఇట్లే యుండును. గ్రామసభలో ఈ మూడు కార్డులను ప్రక్క ప్రక్కన పెట్టి చూపగలిగినచో, అంకెలు దాచి సుమా, ఒక గంట ఉపన్యాసము కంటె అది ఎక్కువ పని చేయును.

తీసిన బాకీ ఎట్లు పెరుగునో కూడ చెప్పవలెను. బిల్లులో రెండు అంకెలు ఉండును: చెల్లింపవలసిన మొత్తము ఒకటి, కనీస చెల్లింపు మరియొకటి. కనీస చెల్లింపు సామాన్యముగా బాకీలో నూటికి అయిదు చొప్పున ఉండును. అది కట్టినచో ఆలస్య రుసుము తప్పును, వడ్డీ తప్పదు. ఇరువదివేల బాకీపై నెలకు వడ్డీయు పన్నును కలిపి 826 రూపాయలగును. వాడు కట్టిన కనీస చెల్లింపు వెయ్యి రూపాయల పైచిలుకు. అందులో ఎనిమిది వందల పైచిలుకు వడ్డీకిని పన్నునకును పోవును. అసలులో తగ్గునది రెండు వందల పైచిలుకు మాత్రమే. ఈ తీరున నెల తప్పక కట్టుచు పోయినను, అసలు సగమగుటకు అయిదు సంవత్సరములకు పైగా పట్టును. ఆ మధ్యకాలములో ఆ కార్డుతో క్రొత్తగా కొన్న సరకులకు కూడ వడ్డీ లేని గడువు పోవును. కొన్ని బ్యాంకుల నిబంధనల ప్రకారము కట్టిన సొమ్ము మొదట పన్నులకు, రుసుములకు, వడ్డీకి, తరువాత సరకుల బాకీకి జమపడి, అన్నిటికి చివర నగదు బాకీకి జమపడును. నెల నెల కట్టుచున్నాను గదా యని నమ్మియున్నవానికి ఎక్కువ వడ్డీ పెరుగు బాకీయే కడపట మిగులును.

చట్టము దీనిని ఆపదా? ఈ విషయములో మీరు గ్రామస్థులకు తప్పుడు ధైర్యము చెప్పకుండుట మంచిది. క్రెడిట్ కార్డు బాకీపై సంవత్సరమునకు ముప్పది శాతమునకు మించిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల వివాద పరిష్కార సంఘము 2008లో తీర్పు చెప్పిన మాట నిజమే. 2024 డిసెంబరులో సుప్రీం కోర్టు ఆ తీర్పును త్రోసివేసినది. కావున ముప్పదికి మించి వడ్డీ వేయరాదని బ్యాంకుతో వాదించి ప్రయోజనము లేదు. రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశములు వేరొక విధముగా రక్షణ కల్పించినవి. అడుగని వానికి కార్డు అంటగట్టరాదు. అట్లు ఇచ్చి బిల్లు వేసినచో దానిని రద్దు చేయుటయే గాక దానికి రెట్టింపు సొమ్ము వినియోగదారునకు చెల్లింపవలెను. చెల్లింపని రుసుములను, పన్నులను అసలులో కలిపి వాటిపై మరల వడ్డీ వేయరాదు. బాకీ లేనివాడు కార్డు రద్దు చేయమని కోరినచో ఏడు పనిదినములలో రద్దు చేయవలెను. ఆలస్యమైనచో దినమునకు 500 రూపాయలు చెల్లింపవలెను.

వసూలు ఏజెంట్ల సంగతి మీకు నేరుగా సంబంధించినది. బాకీదారుని ఊరికి వచ్చి, రచ్చబండ వద్ద నలుగురిలో పేరు పెట్టి పిలిచి, బంధువులకును ఇరుగుపొరుగువారికిని చెప్పి పరువు తీసినచో వాడే కట్టునని ఎత్తు వేయువారు కలరు. ఉదయము 8 గంటలకు ముందును, రాత్రి 7 గంటల తరువాతను బాకీ కొఱకు ఫోను చేయరాదనియు, నలుగురిలో అవమానింపరాదనియు, బాకీదారుని కుటుంబమువారిని స్నేహితులను వేధింపరాదనియు రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టముగా ఆజ్ఞాపించినది. అట్టి మనుష్యుడు ఊరిలో కాలు పెట్టినప్పుడు పంచాయతీ సభ్యుడు ప్రక్కన నిలబడి, "అయ్యా, మీ గుర్తింపు పత్రము చూపుడు, ఏ బ్యాంకు పంపినదో చెప్పుడు" అని మర్యాదగా అడిగినంత మాత్రముననే చాల మార్పు వచ్చును. బాకీ బాకీయే, కట్టవలసినదే. కాని దానికి మనిషి పరువు తాకట్టు కాదు. అప్పు కంటె అవమానమునకే ప్రాణము తీసికొన్నవారు మన జిల్లాలలో లేరా?

కార్డుపై నగదు ఎన్నడును తీయరాదని మేము చెప్పుట లేదు. అర్ధరాత్రి ఆసుపత్రిలో ముందుగా సొమ్ము కట్టమన్నప్పుడు శాతముల లెక్క ఎవరు వేయుదురు? అట్టి వేళ కూడ ఒక మాట గుర్తుండవలెను. ఆసుపత్రి కౌంటరులో కార్డు తీసికొందురేమో ముందు అడుగవలెను. అక్కడనే కార్డు గీకినచో అది కొనుగోలు క్రింద లెక్క. రుసుము లేదు, గడువు ఉన్నది. ఎరువుల దుకాణములోను, విత్తనముల దుకాణములోను ఇదే విధము. రూపే క్రెడిట్ కార్డును 2022 నుండి యు.పి.ఐ.కి జతచేసికొనుటకు వీలు కలిగినందున, కార్డు యంత్రము లేని దుకాణములో కూడ ఫోనుతో చెల్లింపవచ్చును. ఎటువంటి దారియు లేక నగదే తీయవలసి వచ్చినచో, ఒక్క సారి కావలసినంత తీయవలెను. బిల్లు వచ్చువరకు కూర్చుండక, చేతికి సొమ్ము రాగానే, వెయ్యి వచ్చిన వెయ్యి, రెండువేలు వచ్చిన రెండువేలు, కార్డు ఖాతాలో వేయుచుండవలెను. వడ్డీ దినముల లెక్కన నడుచును గనుక కట్టినంత మేరకు ఆ దినముననే ఆగును.

పట్టణములలో కొన్ని దుకాణములవారు సరకు అమ్మినట్లు చూపి కార్డు గీకి, నూటికి రెండో మూడో పట్టుకొని నగదు చేతిలో పెట్టుచున్నారు. ఇది యంత్రము కంటె చౌకగా కనిపించును. కాని ఇది కార్డు నిబంధనలకు విరుద్ధము; బ్యాంకు పసిగట్టినచో కార్డును నిలిపివేయును. పైగా మన కార్డును పరాయివాని చేతిలో పెట్టుట దొంగకు తాళపుచెవి ఇచ్చుటయే.

ఇంతకు, ఆరు రూపాయల వడ్డీ అని తెలిసియు మనిషి యంత్రము వద్దకు ఏల పోవుచున్నాడు? తక్కువ వడ్డీ సొమ్ము వేళకు అందకపోవుట వలననే. ఈ ఒక్క చోట పంచాయతీ చేయగలిగినది ఎంతో కలదు. మీ గ్రామములో పంట కార్డు లేని రైతులు ఎవరెవరో వార్డు వారీగా మీకు తెలియును. వారిలో ఎక్కువమంది కౌలుదార్లే యుందురు. కిసాన్ క్రెడిట్ కార్డు నియమములలో కౌలు రైతునకును, నోటి మాటపై చేయు కౌలుకును, పాలు రైతునకును చోటు కలదు. కాగితము దొరకకపోవుటయే వారి చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టము క్రింద కార్డు పొందుటకు భూయజమాని సమ్మతి కావలెను. భూయజమాని సంతకమునకు జంకును. సంతకము చేసినచో భూమి పోవునేమోయని అతని భయము. భూమిపై హక్కు ఏ మాత్రము మారదని అతనికి నచ్చజెప్పగలిగినవారు తహసీలుదారు కంటె మీరే. ఆ సంతకము వైశాఖములో పడినచో, ఆషాఢములో కౌలు రైతు బ్యాంకునకు పోవును. పడనిచో ఎవని కార్డుతోనో యంత్రము వద్దకు పోవును.

ఆడవారికి పొదుపు సంఘములు ఉండనే యున్నవి. సంఘ సభ్యులకు చిన్న అప్పులు శీఘ్రముగా అందుటకే 2011లో స్త్రీనిధి ఏర్పడినది. ఇంట కార్డు తీయబోవువాడు ముందుగా ఇంటి ఇల్లాలిని ఒక మాట అడిగినచో సగము సారులు యంత్రము వరకు పోవలసిన పని యుండదు.

ఎవరికైన బిల్లులో అన్యాయము జరిగినదని తోచినచో మొదట కార్డు ఇచ్చిన బ్యాంకునకే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. ముప్పది దినములలో సమాధానము రాకున్నను, వచ్చిన సమాధానము తృప్తికరముగా లేకున్నను, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పంపవచ్చును. దీనికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఎట్లు పంపవలెనో తెలియనివారు 14448 సంఖ్యకు ఫోను చేసినచో చెప్పుదురు. ఈ సంఖ్యను పంచాయతీ కార్యాలయము గోడపై, అంబులెన్సు సంఖ్య ప్రక్కన, పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. బ్యాంకు ఇచ్చిన షరతుల కాగితమును తెచ్చి చూపువారు ఉన్నచో, అందులో మూడు అంకెలను మాత్రము వెదకి చదివి వినిపింపుడు: నగదునకు రుసుము ఎంత, కనీస రుసుము ఎంత, నెలకు వడ్డీ ఎంత. తక్కినది వారే లెక్క వేసికొందురు.